అతిథికి అన్నం - ఆడపడుచుకు ఆధారం

చెరకు బండ్ల వరుసలతో, ఫ్యాక్టరీ సైరన్ మోతతో తెల్లవారిన ప్రాంతం బోధన్. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1938 ప్రాంతంలో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాలోని పెద్ద ఫ్యాక్టరీలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. తిరిగి తెరిపిస్తామన్న మాట ఆ తర్వాత పలుమార్లు వినవచ్చింది. ఈలోగా చెరకు తోటలు తగ్గి వరి, సోయా పొలాలు పెరిగాయి. మిగిలిన చెరకు కామారెడ్డి వైపు మిల్లులకు తరలింది.

ఫ్యాక్టరీ మూతపడితే పోయింది కార్మికుల జీతాలు మాత్రమే కాదు. ఆ జీతాల మీద ఆధారపడిన కిరాణాలు, పాల వాడికలు, టిఫిన్ బండ్లు, అద్దె గదులు అన్నీ సన్నగిల్లాయి. మగవారిలో కొందరు గల్ఫ్ దేశాల దారి పట్టారు. ఆడవారి చేతికి మిగిలింది ఎప్పటిలాగే బీడీల చాట, తునికాకు కట్ట. వెన్ను వంచి, కళ్లు చిట్లించి బీడీలు చుట్టే ఈ పనికి బదులు మరో పని లేదా అన్న ప్రశ్న జిల్లా పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే.

ఈ ప్రశ్నకు ఎక్కడో హిమాలయాల్లోని కొన్ని పల్లెల ఆడవారు ఒక జవాబు వెతుక్కున్నారు. ఊరు చూడవచ్చిన వారికి తమ ఇంట్లోనే ఒక గది ఇచ్చి, తాము తినే అన్నమే పెట్టి, దానికి వెల తీసుకోవడం ఆ జవాబు. టూరిజం శాఖ వారు దీన్ని హోంస్టే అంటున్నారు. మన మాటలో చెప్పుకోవాలంటే ఇంటి బస. మంచు కొండల్లో సాగిన ఆ పని మంజీర ఒడ్డున సాగుతుందా అన్నది ఆలోచించదగ్గ విషయం.

కొండల్లో ఏం జరిగింది?

ఉత్తరాఖండ్ రాష్ట్రం పిథోరాగఢ్ జిల్లాలో మున్సియారీ అనే కొండ పట్టణం ఉంది. దాని పక్కనే సర్మోలీ అనే పల్లె. ఎదురుగా పంచచూలీ మంచు శిఖరాలు కనిపిస్తాయి. ఆ ఊరి ఆడవారు 'మాటీ' అనే సంఘం పెట్టుకున్నారు. మాటీ అంటే మట్టి. మొదట వారు కలిసింది సంపాదన కోసం కాదు, సారా తాగి ఇంట్లో కొట్టే మగవారిని ఎదిరించడం కోసం. ఆ సంఘంలో ముందుండి నడిచిన మల్లికా విర్దీ 2003లో ఆ ఊరి వన పంచాయతీకి సర్పంచ్‌గా ఎన్నికయ్యారు. మరుసటి ఏడు, అంటే 2004లో, ఊరి ఆడవారు ఇళ్లలో అతిథులకు బస ఇవ్వడం మొదలుపెట్టారు.

అక్కడి ఇల్లాలు పొద్దున లేచి అడవికి వెళ్లి గడ్డి, కట్టెలు తెస్తుంది. పశువులకు మేత వేస్తుంది. పొలంలో దిగుతుంది. అతిథులు వచ్చినా ఆ పనులేవీ ఆగవు. వచ్చినవారు ఆమె ఇంట్లోనే దిగి, ఆమె వండిన రాజ్మా పప్పు, రొట్టెలు తింటారు. ఊరి ఆడపిల్లల్లో కొందరు పక్షులను గుర్తుపట్టి చూపించే విద్య నేర్చుకుని దారి చూపేవారయ్యారు. అడవి ఉంటేనే అతిథి వస్తాడు, అతిథి వస్తేనే ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయి అన్న లెక్క ఊరందరికీ అర్థమైంది. అందుకే అక్కడ అడవిని కాపాడే పని, అతిథిని చూసుకునే పని వేరువేరుగా లేవు. 2023లో కేంద్ర టూరిజం శాఖ సర్మోలీని దేశంలో ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది.

లడఖ్ కథ మరోరకం. అక్కడి హేమిస్ అభయారణ్యంలో మంచు చిరుతలు రాత్రిపూట దొడ్లలో దూరి మేకలను, గొర్రెలను చంపేవి. ఒక్క రాత్రిలో మంద పోగొట్టుకున్న రైతు చిరుత మీద పగబట్టడంలో ఆశ్చర్యం లేదు. రించెన్ వాంగ్చుక్ అనే లడఖీ యువకుడు, ఆయన సంస్థ వారు 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఊరివారికి ఒక ఆలోచన చెప్పారు. చిరుతను చూడడానికి దూరదేశాల వారు వస్తున్నారు, వారికి గుడారాలు వేసి డబ్బు చేసుకుంటున్నది పట్నపు కంపెనీలు. ఆ అతిథులు మీ ఇంట్లోనే దిగితే ఆ సొమ్ము మీకే వస్తుంది కదా అన్నది ఆ మాట. రుంబక్ వంటి పల్లెల్లో ఇల్లాళ్లు ముందుకు వచ్చారు. ఏ ఇంటికి అతిథి వెళ్లాలన్నది వంతుల వారీగా నిర్ణయించుకున్నారు. ఒక ఇంటికే అందరూ పోకుండా, పక్కింటివారు కళ్లలో నిప్పులు పోసుకోకుండా ఈ వంతు పద్ధతి కాపాడింది. రాబడిలో పదో వంతు ఊరి నిధికి పోతుంది. చిరుతను చంపాలన్న కసి తగ్గింది. గొర్రెలు పోతే వచ్చే నష్టం కంటే చిరుత ఉంటే వచ్చే లాభం మేలని తేలింది.

నేపాల్‌లో సిరుబారీ అనే పల్లె 1997లోనే ఊరు ఊరంతా కలిసి ఇంటి బసలు నడపడం మొదలుపెట్టింది. అక్కడ కూడా అతిథిని పూలదండతో ఊళ్లోకి పిలుచుకునేది ఆడవారి సంఘమే.

ఈ మూడు ఊళ్లలోనూ కనిపించే పోలిక ఒకటి ఉంది. ఎక్కడా ఒక్క ఇల్లు ఒంటరిగా ఈ పని మొదలుపెట్టలేదు. ముందు సంఘం, ఆ తర్వాతే గది.

మనకు కొత్త కాదు

ఇంటికి వచ్చినవారికి అన్నం పెట్టడం ఇందూరు పల్లెలకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. భీమ్‌గల్ దగ్గరి లింబాద్రి గుట్ట జాతర వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంట చూసినా చుట్టాలే. అర్రలో చాపలు, వాకిట్లో మంచాలు, పొయ్యి మీద పెద్ద గిన్నె. చుట్టం పేరుతో వచ్చిన చుట్టం స్నేహితుడికీ అదే మర్యాద. అయితే దానికి వెల కట్టడం మాత్రం మనకు అలవాటు లేదు. అన్నం అమ్ముకోవడమా అని ముఖం చిట్లించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

ఈ మొహమాటాన్ని ఎప్పుడో దాటిన ఊరు జిల్లాలో ఒకటుంది. అది అంకాపూర్. నిజామాబాద్ నుంచి ఆర్మూర్ వెళ్లే రోడ్డు మీద ఉన్న ఈ ఊరు పసుపు, ఎర్రజొన్న, మక్క, కూరగాయల సాగుకూ, విత్తనాల వ్యాపారానికీ పెట్టింది పేరు. ఇక్కడి ఆడవారు పంట పండించడంతో ఆగరు. తెంపిన కూరగాయలను తామే మార్కెట్‌కు తెచ్చి, తామే బేరం చేసి, డబ్బు లెక్కపెట్టుకుని కొంగున ముడివేసుకుని పోతారు. రోడ్డు పక్కన మక్కకంకులు కాల్చి, ఉడికించి అమ్మే ఆడవారిని చూడని ప్రయాణికుడు ఉండడు.

అంకాపూర్ దేశీకోడి కూర సంగతి వేరే చెప్పనక్కరలేదు. ముందుగా చెబితే నాటుకోడిని కోసి, మసాలా నూరి, కూర వండి, అన్నంతో సహా కట్టి ఇవ్వడం ఇక్కడి పద్ధతి. ఇంటి వంటగా ఉన్న ఈ కూర కోసం నిజామాబాద్ వారే కాదు, హైదరాబాద్ వారూ ఫోన్లు చేసి తెప్పించుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఎన్నో హోటళ్లు ఈ ఊరి పేరును బోర్డు మీద రాసుకున్నాయి. ఊరి పేరుకు ఇంత వెల ఉందని తెలిసిన తర్వాత, ఊరికి వచ్చి రెండు రోజులు ఉండే అతిథికి వెల ఉండదా అన్న ఆలోచన రాక మానదు.

తెలంగాణలో ఈ దారిలో అడుగులు పడ్డ ఊళ్లు లేకపోలేదు. చేనేతకు పేరైన భూదాన్ పోచంపల్లిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. 2023లో పెంబర్తి, చంద్లాపూర్, 2024లో నిర్మల్, సోమశిల కేంద్రం ఇచ్చే ఉత్తమ గ్రామాల గుర్తింపు పొందాయి. కొయ్య బొమ్మల నిర్మల్ మనకు పొరుగే. గోదావరి దాటితే చేరేంత దూరం.

చూడదగ్గవి ఉన్నాయి

ఇందూరు జిల్లాలో మంచు కొండలు లేవు. అయినా చూడవచ్చేవారికి కొదవ లేదు. రెంజల్ మండలం కందకుర్తి వద్ద గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలుస్తాయి. నది మధ్యలో పాత రాతి శివాలయం నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. ఆర్‌ఎస్‌ఎస్ వ్యవస్థాపకుడు కేశవ బలిరామ్ హెడ్గేవార్ పూర్వీకుల ఊరు కూడా ఇదే. బోధన్‌లో వందలేళ్ల నాటి శిల్పాల స్తంభాలతో దేవల్ మసీదు ఉంది. భారతంలోని ఏకచక్రపురం ఇదేనని, భీముడు బకాసురుణ్ణి చంపిన చోటు ఇదేనని స్థానికుల నమ్మకం. జానకంపేటలో లక్ష్మీనరసింహస్వామి గుడి, అష్టముఖి కోనేరు, అక్కడికి చేరువలో అశోక్‌సాగర్, అలీసాగర్ ఉన్నాయి.

నిజామాబాద్ ఖిల్లా, డిచ్‌పల్లి రామాలయపు శిల్పాలు, ఆర్మూర్ నవనాథ సిద్ధుల గుట్ట, శీలం జానకీబాయి పాలించిన సిర్నాపల్లి సంస్థానపు గడీ, వానాకాలంలో అక్కడ దూకే జలపాతం వేరు. శ్రీరాంసాగర్ వెనుక జలాల్లో చలికాలం పక్షులు దిగుతాయి, ఒడ్డున కృష్ణజింకలు తిరుగుతాయి. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, పోచారం అభయారణ్యం, దోమకొండ కోట 2016లో కామారెడ్డి జిల్లాకు పోయినా బోధన్ నుంచి బస్సు దూరంలోనే ఉన్నాయి. బాసర సరస్వతి అమ్మవారి దర్శనానికి వెళ్లేవారిలో ఎందరో మన రోడ్ల మీదుగానే వెళ్తారు.

పసుపు సంగతి చూద్దాం. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైంది. దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. పసుపు తవ్వడం, ఉడికించడం, ఆరబెట్టడం, మెరుగు పెట్టడం చూడాలనుకునే వ్యాపారులు, వ్యవసాయ విద్యార్థులు, పట్నం పిల్లలు పల్లెకే రావాలి. ఆ పని మనకు రోజూ చూసేది కనుక వింతగా తోచదు. పసుపును పొట్లంలో తప్ప చూడని వారికి అది వింతే.

లోపం ఎక్కడంటే, వచ్చినవారిలో చాలామంది సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. కందకుర్తిలో స్నానం చేసి, బోధన్‌లో టీ తాగి, నిజామాబాద్ లాడ్జిలో పడుకుంటారు. ఊరికి మిగిలేది కొబ్బరికాయ డబ్బులు, ఒడ్డున ప్లాస్టిక్ సీసాలు.

పుష్కరాలు వస్తున్నాయి

పన్నెండేళ్లకు ఒకసారి బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు. 2003లో, 2015లో జరిగాయి. 2027లో మళ్లీ ఆ ఏడు. 2015లో కందకుర్తి, పోచంపాడు ఘాట్ల వద్ద జనం ఎలా పోటెత్తారో ఆ ఊళ్లవారికి గుర్తే. ముసలివారు, పసిపిల్లల తల్లులు నీడ కోసం, మరుగుదొడ్డి కోసం, ఇంత వేడి అన్నం కోసం వెతుక్కున్న దృశ్యాలు పుష్కరాలు జరిగే ప్రతి చోటా కనిపించేవే.

పన్నెండు రోజుల జనాన్ని చూసి ఇల్లు కట్టమని ఎవరూ చెప్పరు. ఆ పన్నెండు రోజులు పోయాక గది ఖాళీగానే ఉంటుంది. కాని ఉన్న గదిని బాగుచేసుకుని, పుష్కరాలలో చేయి తిప్పుకుని, అతిథిని చూసుకునే పద్ధతి నేర్చుకోవడానికి అంతకంటే మంచి సందర్భం రాదు. అమావాస్య స్నానాలు, కార్తీక మాసం, మహాశివరాత్రి, జాతరలు ఏటా వచ్చేవే. ఆ రోజులు లెక్కవేసుకుంటే ఒక ఇంటికి ఏడాదిలో ఎన్ని రాత్రులు అతిథులు దొరుకుతారో ఊరివారే చెప్పగలరు.

గదులు ఎక్కడివి?

జిల్లాలో గల్ఫ్ సొమ్ముతో కట్టిన డాబా ఇళ్లు పల్లె పల్లెకూ కనిపిస్తాయి. కింద అత్తమామలు, కోడలు, పిల్లలు. మీద గదులకు తాళం. యజమాని దుబాయిలోనో, మస్కట్‌లోనో రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. ఇటువంటి ఇంట్లో గదికి, బాత్‌రూమ్‌కు కొత్తగా పెట్టుబడి పెద్దగా అక్కర ఉండదు. అయితే మగదిక్కు లేని ఇంట్లో పరాయి వారిని ఉంచుకోవడమా అన్న భయం సహజం. ఆ భయాన్ని తేలికగా తీసివేయరాదు.

దీనికి హిమాలయ గ్రామాలు చూపిన దారి ఒకటే. అతిథి నేరుగా ఇంటి తలుపు తట్టడు. సంఘం దగ్గరికి వస్తాడు. పేరు, ఊరు, గుర్తింపు కార్డు సంఘం పుస్తకంలో రాస్తారు. ఆ తర్వాత ఒక ఇంటికి పంపుతారు. ఒంటరి ఆడవారు ఉన్న ఇంటికి కుటుంబాలను, ఆడ అతిథులను మాత్రమే పంపుతామని సంఘం నియమం పెట్టుకోవచ్చు. మందు తాగితే బస లేదని ముందే చెప్పవచ్చు. విదేశీయులు వస్తే 24 గంటల్లో అధికారులకు తెలియజేయడం చట్ట ప్రకారం తప్పనిసరి. వండి అమ్మేవారికి ఆహార భద్రత శాఖ వద్ద నమోదు కూడా ఉండాలి. ఈ పనులు ఒక్కొక్క ఇల్లాలు తిరిగి చేసుకోవడం కష్టం. సంఘం తరఫున ఒకరు తిరిగితే పది ఇళ్ల పని ఒకేసారి అవుతుంది.

లెక్క వేసి చూస్తే

ఆశలు చెప్పేవారు చాలామంది ఉంటారు. కాగితం మీద లెక్క వేసేవారే తక్కువ. ఉదాహరణకు ఒక గదిలో ఇద్దరు అతిథులు ఒక రాత్రి ఉన్నారనుకుందాం. గదికి రూ. 600. రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం, టీ కలిపి మనిషికి రూ. 250 చొప్పున రూ. 500. మొత్తం రూ. 1,100. ఇందులో బియ్యం, కూర, పాలు, గ్యాస్‌కు రూ. 280, దుప్పట్ల ఉతుకు, సబ్బు, కరెంటుకు రూ. 120, సంఘం నిధికి పదో వంతు రూ. 110 తీసివేస్తే చేతికి మిగిలేది రూ. 590. నెలకు 6 రాత్రులు అతిథులు వస్తే రూ. 3,540.

ఇప్పుడు అప్పు లెక్క చూడాలి. బాత్‌రూమ్, మంచాలు, పరుపుల కోసం రూ. 60,000 అప్పు తెచ్చి 24 నెలల్లో తీర్చాలంటే అసలే నెలకు రూ. 2,500. వడ్డీ దానిమీద. అంటే 6 రాత్రులు నిండినా మొదటి రెండేళ్లు ఇల్లాలికి మిగిలేది వెయ్యి రూపాయల లోపే. నెలకు 2 రాత్రులే వస్తే రాబడి రూ. 1,180. అప్పు కిస్తీకి సగం కూడా కాదు. కాబట్టి ఇది బీడీల పనిని ఒక్కరోజులో మాన్పించే వ్యాపారం కాదు. కోళ్లు, బర్రె, కూరగాయల మడి ఉన్న ఇంటికి వాటితోపాటు తోడయ్యే రాబడి మాత్రమే. అప్పు లేకుండా, ఉన్న గదితో మొదలుపెట్టి, అతిథులు వచ్చేది చూసుకుని ఖర్చు పెంచుకోవడమే తెలివైన పని. ఫ్యాక్టరీ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో బోధన్ ప్రాంతానికి వేరే చెప్పాలా?

అప్పు తప్పనిసరైతే దారులు లేకపోలేదు. 2011లో ఏర్పడిన స్త్రీనిధి నుంచి మహిళా సంఘాల సభ్యులు రుణం పొందవచ్చు. హోంస్టేలకు ముద్ర రుణాలు ఇస్తామని 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. గిరిజన గ్రామాల కోసం 2024 అక్టోబరులో మొదలైన ధర్తీ ఆబా పథకంలో దేశవ్యాప్తంగా 1,000 ఇంటి బసలకు సాయం చేయాలన్నది లక్ష్యం. కొత్త గదులకు రూ. 5 లక్షల వరకు, ఉన్నవి బాగుచేసుకోవడానికి రూ. 3 లక్షల వరకు సాయం అందులో ఉంది. ఇందల్వాయి, సిరికొండ వైపు తండాల వారు ఈ పథకం తమకు వర్తిస్తుందా అని మండల కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

కష్టం ఎవరిది? డబ్బు ఎవరిది?

ఇంటి బసలో అసలు పని ఎవరు చేస్తారన్నది దాచిపెట్టవలసిన విషయం కాదు. పొద్దున వాకిలి ఊడ్చి సాన్పి చల్లేది, టీ పెట్టేది, వండేది, వడ్డించేది, దుప్పట్లు ఉతికేది, మరుగుదొడ్డి కడిగేది ఇల్లాలే. పొలం పని, పిల్లల పని, అత్తమామల సేవ తగ్గవు. పైన ఇది. డబ్బు మాత్రం మగవారి జేబులోకి పోతే ఆమెకు మిగిలేది నడుం నొప్పే. అందుకే అతిథి ఇచ్చే సొమ్ము ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడాలన్న షరతు సంఘం మొదటి రోజే పెట్టాలి. అతిథులు వచ్చిన రోజున నీళ్లు తేవడం, సామాను తేవడం మగవారి వంతు కావాలి. సర్మోలీ ఆడవారు ముందు ఇంట్లో తమ మాట చెల్లేలా చేసుకున్నారు, తర్వాత అతిథులను పిలిచారు. ఈ వరుస తారుమారు కారాదు.

రెండో సంగతి కులం. అతిథులు వస్తే ఎవరి ఇంటికి పంపుతారు? పెద్ద ఇళ్లు, డాబాలు ఉన్నవారికే వంతులు పోయి, దళితవాడలోని ఇంటికి, తండాలోని ఇంటికి రాకపోతే ఇది ఊరి పని కాదు, కొందరి వ్యాపారం. లడఖ్ వంతు పద్ధతి ఇక్కడ బాగా పనికివస్తుంది. ఇల్లు శుభ్రంగా ఉందా, నీళ్లున్నాయా, మరుగుదొడ్డి ఉందా అన్నవి చూడాలి కాని ఇల్లు ఏ వాడలో ఉందన్నది చూడరాదు. గది లేని ఇంటి ఆడవారికి జొన్నరొట్టెలు చేసి ఇచ్చే పని, సకినాలు, మక్కగారెలు, పసుపు, తొక్కులు అమ్మే పని, దారి చూపే పని అప్పగించవచ్చు. అలా రాబడి నాలుగు వాడలకూ చేరుతుంది.

అతిథికి ఏం కావాలి?

పట్నం నుంచి పల్లెకు వచ్చేవారు పట్నంలో దొరికేదే ఇక్కడా కోరరు. వారికి ఏసీ గది, పన్నీరు కూర పెట్టాలని తాపత్రయపడనక్కరలేదు. కావలసినవి నాలుగే. ఉతికిన దుప్పటి, నీళ్లున్న శుభ్రమైన మరుగుదొడ్డి, కాచి వడబోసిన మంచినీళ్లు, రాత్రి గడియ పెట్టుకోగల తలుపు. ఈ నాలుగూ ఉంటే తక్కినవన్నీ మన ఇంట్లో ఉన్నవే చాలు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, నువ్వుల తొక్కు, చింతచిగురు పప్పు, నాటుకోడి కూర, చలికాలంలో వేడివేడి గుడాలు. ప్లాస్టిక్ సీసాల నీళ్లు కాక కాచిన నీళ్లు ఇవ్వడం లడఖ్ ఇల్లాళ్లు అలవాటు చేశారు. ఊళ్లో చెత్త తగ్గింది, ఖర్చూ తగ్గింది.

అతిథి కూడా ఊరి పద్ధతి పాటించాలి. అడగకుండా ఆడవారి ఫొటోలు తీయరాదు. గుడిలోకి, మసీదులోకి చెప్పులతో పోరాదు. వండిపెట్టే ఆమెను పనిమనిషిలా కాక 'అక్కా' అనో, 'పెద్దమ్మా' అనో పిలవాలి. ఈ నియమాలు ఒక అట్ట మీద రాసి గదిలో తగిలిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

హద్దు తెలియాలి

అతిథులు రాకపోతే ఒక బాధ. మితిమీరి వస్తే మరో బాధ. కొండ ప్రాంతాల్లోనే దీనికి ఉదాహరణలున్నాయి. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణంలో నేల కుంగి వందలాది ఇళ్లు బీటలు వారాయి. కొండ భరించగలిగిన దానికంటే ఎక్కువ కట్టడాలు అక్కడ లేచాయని నిపుణులు ముందునుంచీ హెచ్చరిస్తూ వచ్చారు. మన దగ్గర కొండలు కుంగకపోవచ్చు. కాని నది ఒడ్డున భూములు కొని రిసార్టులు కట్టేవారు రావడం ఎంతసేపు? అప్పుడు తన ఇంట్లో యజమానురాలిగా ఉండవలసిన ఆడది అదే ఊళ్లో రిసార్టులో గిన్నెలు తోమే కూలీ అవుతుంది. ఇంటి బసకు, హోటల్‌కు ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

అందుచేత ఊరికి ఎన్ని గదులు, రోజుకు ఎందరు అతిథులు, నది ఒడ్డున ఏ కట్టడాలు వద్దు అన్నది గ్రామసభలో ముందే తీర్మానించుకోవాలి. తెలంగాణ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలకు రిజర్వయి ఉన్నాయి. పేరుకు సర్పంచ్ భార్యది, పెత్తనం భర్తది అన్న నింద పోవడానికి కూడా ఇటువంటి పని ఒక అవకాశం. ఘాట్ దగ్గర ఆడవారికి బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, చెత్తబండి, ఊరి నుంచి బోధన్‌కు సాయంత్రం బస్సు - ఇవి పంచాయతీ, అధికారులు చూడవలసినవి. ఇవి లేకుండా గది ఎంత బాగున్నా అతిథి రెండోసారి రాడు.

ముందుగా ఏ ఊరిలో పది ఇళ్లవారు కలిస్తే ఆ ఊరిలోనే మొదలుపెట్టవచ్చు. నిర్మల్‌కో, పోచంపల్లికో ఒక రోజు వెళ్లి చూసి రావచ్చు. తమ ఇంటికే పది మంది చుట్టాలను పిలిచి, వారినే అతిథులనుకుని ఒక రాత్రి ఉంచి, పొద్దున లోపాలు చెప్పమనవచ్చు. దీనికి ఖర్చు కూడా లేదు.

జిల్లా ఆడవారు పసుపు తవ్వారు, చెరకు నరికారు, కోట్ల బీడీలు చుట్టారు. వారి కష్టంతో ఎన్నో పెట్టెలు నిండాయి. ఈసారి వారి కష్టానికి వారి ఇంటి గడప దగ్గరే వెల దొరకాలి. ఆ వెల నిర్ణయించేదీ, ఆ డబ్బు లెక్కపెట్టేదీ వారే కావాలి. 2027 పుష్కరాలకు ఘాట్లు ఎన్ని కట్టాలన్న చర్చతోపాటు ఒడ్డున ఉన్న ఊళ్ల ఆడవారికి ఏం మిగలాలన్న చర్చ కూడా జరిగితే గోదావరి నీళ్లు ఊరికి మరికొంత మేలు చేసినట్టే.